రాళ్ళ మడిలో లూసర్న్

నేను కాపురానికొచ్చిన రెండో ఏడు మా అత్తగారు నా చేతికిచ్చింది కొండవార రాళ్ళ మడి. బార్లీ అక్కడ మోకాలెత్తు కూడా లేవదు. నేనందులో ఓల్ చల్లాను, అదే లూసర్న్ గడ్డి. గట్ల మీద క్లోవర్ గడ్డి వేశాను. మా జోమో, యాక్‌కీ ఆవుకీ పుట్టిన పాడిపశువు, చలికాలమంతా ఉత్త బార్లీ గడ్డి నమిలి ఎముకల గూడైపోయేది. ఈనితే పాలుండేవి కావు. లూసర్న్ ఒకసారి కుదురుకుందంటే ఏళ్ళ తరబడి కోసుకోవచ్చు.

మొదటి ఏడు జానెడు లేచింది. అప్పుడే కోస్తే వేరు దిగదని మా పుట్టింట చూసినదాన్ని. అత్తగారు కొడవలితో వచ్చేశారు.

"అమలే, ఈ ఏడు వద్దు," అన్నాను. అత్తగారిని మేం అమ్మా అన్నట్టు అలాగే పిలుస్తాం.

"పశువుకి పెట్టని గడ్డి ఎవరికి, గోంపాలో లామాలకా?"

నేను మడి చుట్టూ ముళ్ళకంప పాతేశాను. ఆ చలికాలం జోమో మరీ చిక్కిపోయింది. అత్తగారు నాతో మాట మానేసి, చెప్పాల్సిందంతా నాకు వినబడేలా జోమోకే చెప్పేవారు. "మా కోడలు గడ్డి దాచుకుందే తల్లీ, నువ్వు గోడ నాక్కో."

మంచు కరిగింది. మడిలో ఎండుపుల్లలే. అత్తగారు చచ్చిందని తేల్చేసి, బార్లీ వెయ్యడానికి మా మరిది జిగ్మెత్‌ని నాగలి కట్టుకు రమ్మన్నారు. నేను నాగలి ముందు చతికిలబడ్డాను.

"లే వదినా, ఎడ్లు బెదురుతాయి."

"చచ్చిన గడ్డయితే చేత్తోనే వస్తుంది. ఒక్కటి పెరుకు. వస్తే దున్నుకో."

నవ్వుతూ లాగాడు. పుల్ల విరిగింది.

"పుల్ల కాదు, వేరు."

మట్టి తవ్వాడు. మోచెయ్యి దిగినా కొస తగల్లేదు. రెండు చేతులా పట్టి, కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. కదిలితేనా.

"పొద్దున టీ తాగలేదురా? జరుగు," అంటూ అత్తగారు గట్టు దిగి తనూ లాగారు. చెయ్యి జారి మట్టిలో వెనక్కి కూలబడ్డారు. జిగ్మెత్ గబుక్కున ఎడ్ల వైపు తిరిగిపోయాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆవిడ లేవలేదు. వేరు తల మీద మట్టి తుడిచారు. చీమ తలకాయలంత తెల్లటి మొగ్గలు, గుంపుగా. వేలితో తడిమి తడిమి చూశారు.

"దీనికి నీళ్ళెప్పుడు కావాలి?" అని నన్నే అడిగారు.

"ఇవాళే అమలే."

"జిగ్మెత్, నాగలి కింది పొలానికి తోలు. ఇవాళ మన వంతు నీళ్ళు ఈ మడికే."

పార అందుకుని, కాలవకి గండి కొట్టడానికి తనే ముందు నడిచారు.