రెండో పుట్టుమచ్చ

పదో తరగతి పిల్లల పుట్టుమచ్చలు రాసే పని మా స్కూల్లో ఎప్పుడూ నాకే పడేది. నా చేతిరాత బాగుంటుందని హెడ్మాస్టరు ఆనందరావు గారు అనేవారు గాని, అసలు సంగతి మిగతావాళ్లకి ఆ ఓపిక లేకపోవడం. పబ్లిక్ పరీక్షకి వెళ్లే ప్రతి ఒక్కరి ఒంటి మీదా రెండు గుర్తులు వెతికి ఇంగ్లీషులో రాసి పంపాలి. అవే తర్వాత సర్టిఫికెట్ మీదకి ఎక్కుతాయి. పిల్లలు వరసగా వచ్చి చేతులు చాపేవారు. మోచెయ్యి, మెడ, చెంప. అక్కడ దొరక్కపోతే ఆడపిల్లలు ఇంటికెళ్లి అమ్మనడిగి మర్నాడు చెప్పేవారు.

డెబ్బై నాలుగు డిసెంబరులో కృపావతి వంతు వచ్చింది. కుడి మోచెయ్యి కింద ఒక మచ్చ దొరికింది. కాగితం మీంచి తలెత్తకుండానే అడిగాను.

"ఇంకోటి ఎక్కడుందమ్మా?"

"ఇది ఉంది కదండీ మాస్టారూ," అంది.

అదేదో నాకు చూడకుండానే తెలుసు. తరగతిలో గుసగుసలు ఆగిపోయాయి. ఎడమ కనుబొమ మీద గాయపు మచ్చ అని రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

ఆ మచ్చ చేసింది నేనే.

అంతకు ఏడాదిన్నర ముందు, వాళ్లు తొమ్మిదో తరగతిలో ఉండగా, నేను బోర్డు మీద లెక్క చేస్తుంటే వెనక బెంచీలోంచి జగ్గారావనే కుర్రాడు పావురంలా కూశాడు. మూడోసారి కూసినప్పుడు బల్ల మీది చెక్క డస్టరు తీసి విసిరాను. వాడు వంగాడు. ఆడపిల్లల వరసలోంచి కృపావతి సరిగ్గా అప్పుడే వాడి వైపు తల తిప్పింది. డస్టరు మూల ఆమె కనుబొమకి తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదు. పిల్ల ఏడవలేదు కూడా. చేత్తో మూసుకుని, "ఏం లేదండీ," అంది. వేళ్ల సందుల్లోంచి రక్తం నోటుబుక్కు మీద పడుతోంది.

ఆ సాయంత్రం వాళ్ల నాన్న ఏసుపాదం మా ఇంటికి వచ్చాడు. మా పెరట్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేది అతనే. నన్ను నిలదీయడానికి వచ్చాడనుకున్నాను. నిలదీస్తే బాగుండేది. మెట్టు కింద నిలబడి, తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని, "మా పిల్లది పాఠంలో దిక్కులు చూసిందంటండీ. తప్పేనండి. మీరు మనసులో పెట్టుకోకండి. కొట్టకపోతే సదువెలా వత్తదండీ," అన్నాడు.

తప్పు నాది అన్న మాట నా నోటిదాకా వచ్చింది. వీధిలో అరుగుల మీద జనం కూర్చుని ఉన్నారు. వాళ్ల పేట మనిషితో ఆ మాట అన్నవాళ్లు అప్పటికి మా వీధిలో లేరు. మొదటివాణ్ణి నేను కాలేకపోయాను. "ఆయ్, మరి వత్తానండి," అని అతనే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న స్కూలుకి బయల్దేరుతుంటే, మా ఆవిడ వెంకటలక్ష్మి పాత చీర ముక్కలు మడతలు పెట్టి కుట్టిన మెత్తటి గుడ్డ ఒకటి నా సంచీలో పెట్టింది. "బోర్డుకి," అంది. జరిగినదాని గురించి ఆవిడ నాతో అన్నది ఆ ఒక్క మాటే. మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

కుట్లు విప్పాక ఆవిడే కృపావతికి కబురు పెట్టింది, ఆదివారం ప్రార్థన అయ్యాక ఒకసారి వచ్చి వెళ్లమని. పెరటి వైపు అరుగు మీద కూర్చోబెట్టి, పిల్ల గడ్డం పట్టుకుని, కనుబొమ మీద చూపుడువేలితో గుండ్రంగా ఇరవైసార్లు రాసేది. మొదట్లో కొబ్బరినూనె. తర్వాత అమలాపురం మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే పసుపుపచ్చ ఆయింట్‌మెంటు. "గోకకు. ఎండలో ఓణీ కప్పుకో. రోజూ రాసుకుంటున్నావా, వచ్చే ముందే రాసుకుని నన్ను మోసం చేస్తున్నావా?" అనేది. పిల్ల నవ్వేది.

పక్కింటి బుల్లెమ్మ గోడ మీంచి చూసి, "ఏమే వెంకటలక్ష్మీ, ఆదివారం ఆస్పత్రి పెట్టేవా?" అని ఎత్తిపొడిచింది.

"ఆఁ, పెట్టేను వదినా. నీకెక్కడ రాయాలో చెప్పు," అంది మా ఆవిడ.

మందుల షాపు బుచ్చిరాజు మాటకారి. "మందు సగం, వేలు సగం, కాలం సగం అండీ," అన్నాడొకసారి. మూడు సగాలేమిటని మా ఆవిడ అడిగితే, "ఇంట్లో లెక్కల మాస్టారున్నారు కదండీ, సరిచేయించుకోండి," అన్నాడు. ఆ రోజే కొత్తగా వచ్చిందంటూ ఒక తెల్ల క్రీము ఇచ్చాడు. వారంలోనే తేడా తెలుస్తుందన్నాడు. వారం అయింది, నెల అయింది. ఆవిడ దాన్ని పిల్లకి రాయలేదు. ఎందుకని అడిగాను.

"ముందు నా మీద చూస్తున్నాను," అంది.

అప్పుడు చూపించింది. పెళ్లయిన మూడో ఏట మాకొక బాబు పుట్టాడు. ఏడవలేదు, కళ్లు తెరవలేదు. ఆ కాన్పు తాలూకు చారలు ఆవిడ పొట్ట మీద అలాగే ఉన్నాయి. షాపులో కొన్న ప్రతి ట్యూబూ మొదట ఆ చారల మీద రాసి చూసుకుని, మంట లేదనుకున్నాకే కృపావతికి రాస్తోందట. తెల్ల క్రీము రాసిన చోట చార మొదట వెలిసిందిగాని, చర్మం ఉల్లిపొరలా పలచబడి ఎర్రనరాలు కనిపిస్తున్నాయి.

"ఇది పిల్లదాని మొహానికి రాసుంటే?" అంది. ట్యూబు తీసుకెళ్లి పెంటలో పడేసింది.

"మిగతావాటితో నీ చారలేమైనా తగ్గేయా?" అన్నాను.

"అవి తగ్గాలని రాసుకోలేదులెండి."

డెబ్బై ఎనిమిదిలో కామెర్లు వచ్చి ఆవిడ వెళ్లిపోయింది. ట్రంకు పెట్టెలో రెండు ట్యూబులు దొరికాయి. ఒకటి కొత్తది. ఒకటి తోక దగ్గర్నుంచి పొదుపుగా చుట్టుకుంటూ వచ్చినది. రెండూ ఏసుపాదం దింపుకి వచ్చినప్పుడు ఇచ్చాను. ఆ తర్వాత నేనే అమలాపురం వెళ్లి కొంటూ వచ్చాను. "అమ్మగారి మొక్కు అనుకో," అనేవాణ్ణి. "ఆయ్," అని తలగుడ్డ అంచున ముడేసుకునేవాడు.

అది మొక్కూ కాదు, ఆ పిల్ల మీద దయా కాదు. ఏదో ఒకరోజు ఆమె మొహం చూస్తే అక్కడ ఏమీ ఉండకూడదు. అదీ నాకు కావలసింది. మధ్యాహ్నాలు ఒంటరిగా పడుకుని ఉంటే పెరట్లో కాయ రాలిన చప్పుడుకి ఉలిక్కిపడి లేచి కూర్చునేవాణ్ణి. గడ్డం గీసుకుంటుంటే నా వేలు దానంతటదే నా ఎడమ కనుబొమ మీదకి వెళ్లేది. అద్దంలో నా వెనక వెంకటలక్ష్మి నిలబడి ఉన్నట్టూ, ఇప్పుడైనా అనబోతున్నట్టూ ఉండేది. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఎనభై ఒకటిలో ఏసుపాదం జ్వరంతో పోయాడు. అతనికి చెప్పవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

మరుసటి ఏడు జూన్‌లో కృపావతి స్కూలుకి వచ్చింది. అప్పటికి బి.ఏ. అయింది. గుమ్మంలో నిలబడ్డ పిల్ల మొహం చూశాను. కనుబొమ నున్నగా, మామూలుగా ఉంది. ఆ క్షణం నాకు కలిగింది సంతోషమే, దాచను.

"కాకినాడలో ఉద్యోగం వచ్చిందండీ మాస్టారూ. జూనియర్ అసిస్టెంటు. కానీ చేర్చుకోవడం లేదండి."

"ఏం?"

"నా బదులు ఇంకెవరో పరీక్ష రాసేరని ఆకాశరామన్న ఉత్తరం వెళ్లిందంటండి. ఆఫీసరు గారు సర్టిఫికెట్ చూసేరు, నా మొహం చూసేరు. మచ్చేదమ్మా అన్నారు. పోయిందండి అన్నాను. ఎలా పోయింది, బస్సెక్కి పోయిందా అన్నారు."

"మోచేతి మీదది ఉంది కదమ్మా?"

"పుట్టుమచ్చ ఎవరికి లేదు, నాకే మూడున్నాయి అన్నారండి. ఈ రెండోది రాసినవాళ్ల చేత కాగితం తెమ్మన్నారు. అదేం గాయమో, ఎలా తగిలిందో, ఎందుకు కనబడట్లేదో. సోమవారంలోగా తేకపోతే ఉద్యోగం తర్వాతి పేరుకి ఇచ్చేస్తారంట."

తన చేతిలోని సర్టిఫికెట్ బల్ల మీద పెట్టింది. నా గుండ్రటి అక్షరాల్లోంచి ఎత్తి రాసిన మాటలే అక్కడున్నాయి. వాటిని అక్కడ రాసింది నేనే. ఆ మచ్చని ఆమె మొహం మీద లేకుండా చెయ్యాలని తొమ్మిదేళ్లపాటు చూసిందీ మా ఇల్లే.

ఆనందరావు గారు తేలిగ్గా తీసుకున్నారు. "చిన్నప్పుడు ఆడుకుంటూ పడిందని రాసెయ్యండి త్రిమూర్తులు గారూ. నేను సంతకం పెడతాను."

"అలాగే రాయండి మాస్టారూ," అంది కృపావతి. "మీకు మాట రాకూడదండి."

అలాగే రాశాను. రాసి చదువుకున్నాను. ఎక్కడో ఆడుకుంటూ పడిందని విన్నవాడు, అది ఎంతుందో, ఎక్కడుందో, ఎలా మాసిందో ఎలా చెప్తాడు? ఆఫీసరు అదే అడుగుతాడు. అబద్ధమాడిందని అనుమానం పడ్డ పిల్ల చేతికి నేను ఇంకో అబద్ధం ఇచ్చి పంపిస్తున్నాను. కాగితం చింపేశాను. రెండోసారి ఐదు వాక్యాలు రాశాను. తేదీ, తరగతి, డస్టరు, నా పేరు, నా భార్య మందు రాసిన సంగతి.

ఆనందరావు గారు చదివి కళ్లజోడు తీశారు. "ఇది ఫైల్లో ఉండిపోతుందండీ. మీకింకా సర్వీసుంది."

"ఉండనివ్వండి."

"నా సంతకం మాత్రం అడక్కండి. స్కూలు ముద్ర వేస్తాను, అంతే."

సోమవారం పొద్దున్నే ముక్తేశ్వరం రేవులో పంటు మీద గోదావరి దాటి, కోటిపల్లిలో బస్సెక్కి, నేనూ ఆమే కాకినాడ వెళ్లాం. దారిలో ఆమె సంచీని రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చుంది. వాళ్లమ్మకి చూపు తగ్గిపోయిందని, తమ్ముడు ఇంకా ఏడో తరగతని నాకు తెలుసు.

ఆఫీసరు కాగితం రెండుసార్లు చదివారు.

"డస్టరా?"

"అవునండీ."

"చెక్కదా?"

"చెక్కదే."

కాసేపు నన్ను చూశారు. "ఇలాంటి కాగితం నాకెవరూ ఇవ్వలేదు మాస్టారూ. సరే, ఎక్కడుందో చూపించండి. నాకైతే కనబడ్డం లేదు."

కృపావతి కిటికీ దగ్గరికి వచ్చి కళ్లు మూసుకుంది. ఆ గాయాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకున్నవన్నీ వెంకటలక్ష్మి వేళ్లే. అయినా నా వేలు ఎక్కడా తడుముకోలేదు. కనుబొమ వంపు తిరిగే చోట, బియ్యపుగింజంత మేర వెంట్రుక మొలవలేదు. అక్కడ చర్మం పక్కదానికన్నా నున్నగా, కొద్దిగా జారుతున్నట్టు తగిలింది. ఇన్నేళ్ల ట్యూబులూ దాని రంగు తీసేశాయి, అంతే. అది అక్కడే ఉంది.

"ఇక్కడండీ," అన్నాను.

ఆఫీసరు వేలిముద్రలు చూసే భూతద్దం తెచ్చి ఆమె తలని వెలుతురుకి ఏటవాలుగా తిప్పమన్నారు. "ఉంది. వెంట్రుకవాసి," అన్నారు. కుర్చీలో కూర్చుని సంతకం పెట్టారు. "గురువారం చేరమ్మా. ఇకనైనా ఆ మందు మానెయ్."

"ఆయ్, మానేస్తానండి," అంది.

తిరుగు పంటు మీద జనం తక్కువ. నది మధ్యకొచ్చాక చెప్పాను. "కృపా, ఆవేళ మీ నాన్న మా ఇంటికొస్తే నేనొక మాట అనాలి. అనలేదు. తప్పు నాదమ్మా."

"తెలుసండీ," అంది. నీళ్లకేసి తిరిగింది. "మర్నాడు మీ పెరట్లో దింపు ఉందండి. మీరు స్కూల్లో ఉన్నారు. నాన్న కాయలన్నీ తీసి ఆఖరి చెట్టెక్కి దిగలేదంటండి. మట్టల మధ్య కూర్చుండిపోయేరంట. అమ్మ కింద నుంచి పిలిస్తే, ఉండవే, ఇక్కడైతే ఎవరూ చూడరు అన్నారంట. పొద్దు వాలేక, మీరు వచ్చే ముందు దిగేరు."

నేను ఆమె వైపు తిరిగాను.

"అమ్మగారు చూసేరండి. చెంబుతో మంచినీళ్లు తెచ్చి చెట్టు మొదట్లో పెట్టి, తలెత్తకుండా లోపలికెళ్లిపోయేరంట. ఆ మాట నాన్న పోయేదాకా చెప్పేవారు."

ఐదేళ్లు ఆ తర్వాత నాతోనే ఉంది వెంకటలక్ష్మి. నాకు అన్నం పెట్టింది, ఆ పెరట్లోనే బట్టలారేసింది. నాకు చెప్పలేదు.

"ఏ చెట్టమ్మా?" అన్నాను.

"తెలీదండీ మాస్టారూ. నాన్న చెప్పలేదు."

పంటు రేవుకి తగిలింది. ఆమె ముందు దిగి, దిగే బల్ల ఊగుతోందని నాకు చెయ్యి అందించింది. ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. పెరటి తలుపు తీశాను. గాలి లేదు. ఒక్కొక్క చెట్టు కిందా నిలబడి, తలెత్తి పైకి చూస్తూ, మొదటి వరస దాటి రెండో వరసలోకి నడిచాను.