ఎర్ర సోడాకు ఐదు మార్కులు

థాయిలాండులో త్రాంగ్ ఊళ్లో కో హువాట్ కాఫీ కొట్టుకు పొద్దున్నే చేరేవాళ్లలో సగంమంది కాల్చిన పంది మాంసం కోసం వస్తారు, మిగతా సగం ఊరి కబుర్ల కోసం వస్తారు. కాఫీ కోసం వచ్చేది ప్రయోంగ్ ఒక్కతే. ఆవిడైనా తాగి ఆనందించడానికి రాదు, మార్కులు వెయ్యడానికి వస్తుంది.

"ఏమ్మా, ఇవాళ ఎంత?" అన్నాడు కో హువాట్, గరిటె చేత్తో పట్టుకునే.

"ఆరున్నర."

"నిన్న ఏడిచ్చావు గదా!"

"నిన్నటి గింజలు వేరు. ఇవాళ్టివి వేయించేటప్పుడు నీ ధ్యాస ఫోన్‌లో ఉంది. అడుగున మాడ్చావు."

"మాడితేనే కాఫీ అంటారమ్మా. అత్తగారు కూడా ఇన్ని వంకలు పెట్టదు."

"అత్తగారికి నాలుక పొడుగే గానీ రుచి తెలీదు," అని ప్రయోంగ్ మిగిలిన కాఫీ వదిలేసి లేచింది. వదిలెయ్యడం ఆవిడ అలవాటు. కో హువాట్ కూడా ముప్పై ఏళ్లుగా ఆ మిగులు చూసి నొచ్చుకోవడం మానేశాడు.

ఊరి చివర రెండు పిచ్చుకల బొమ్మ సోడాలు చేసే కంపెనీలో ఆవిడ ఉద్యోగమే రుచి చూడటం. నారింజ సోడా, పచ్చ సోడా, ఎర్ర సోడా, సీసాలో చల్లటి కాఫీ, ఏది బయటికి వెళ్లాలన్నా ముందు ఆవిడ నోట్లోంచి వెళ్లాలి. పాతికేళ్ల వయసులో సీసాలు కడగడానికి చేరింది. ఒకరోజు దాహం వేసి ఓ గుక్క తాగి, "ఇందులో సీసా కడిగే సోడా మిగిలిపోయింది" అంది. పెద్ద యజమాని అప్పుడు బతికే ఉన్నాడు. ఆయన పరీక్ష చేయించాడు, అది నిజమే అయింది. మర్నాడే ఒక గది ఖాళీ చేయించి, బల్ల వేయించి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచి ముప్పై ఒక్క ఏళ్లు ఆ కుర్చీ ఆవిడదే. మధ్యాహ్నం దాటేదాకా కారం ముట్టదు. ఆ ఊళ్లో కారం లేకుండా తినేవాళ్లను రోగిష్టివాళ్లంటారు, ఇంట్లో మొగుడు కూడా అదే అంటాడు. ఆవిడ పట్టించుకోదు.

మార్కుల విషయంలో ఆవిడ పరమ పిసినారి. నారింజకు ఏడు, పచ్చదానికి ఆరు, చల్లటి కాఫీకి ఆ రోజుని బట్టి. కంపెనీలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయే ఎర్ర సోడాకు ఐదు. ఎప్పుడూ ఐదే. "నోట్లో పోసుకుంటే పాకం, మింగితే దగ్గుమందు" అని ఒకసారి పెద్ద యజమాని ముఖం మీదే అనేసింది. ఆయన పగలబడి నవ్వాడు, సోడా మాత్రం మార్చలేదు.

ఆయన పోయాక యాజమాన్యం బాంకాక్‌లో ఉండే కొడుక్కి, ఇక్కడి వ్యవహారం మనవరాలి చేతికి వచ్చాయి. ఓర్ణిచా బాంకాక్‌లో చదువుకున్న పిల్ల, మర్యాదస్తురాలు, పనిమంతురాలు. చెడ్డదైతే ఈ కథ తేలిగ్గా చెప్పేయొచ్చు, కానీ కాదు. చక్కెర ఎక్కువున్న పానీయాల మీద సర్కారు పన్ను పెంచుతూ పోతోంది కాబట్టి, ఎర్ర సోడాలో చక్కెర తీసేసి తీపి పొడి కలపాలని ఆమె నిర్ణయించింది. ఒకరోజు రుచి గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"అక్కా, ఉన్నమాట చెప్తాను. నాన్న ఈ గది మూసేయమంటున్నారు. సీసాలు బాంకాక్‌లో ల్యాబుకి పంపిస్తే చాలంట. నేనే ఆపాను. ఈ కొత్త సోడా విషయం మీరు సరిగ్గా తేల్చారనుకోండి, మీరు రిటైరయ్యేదాకా ఈ గది జోలికి ఎవర్నీ రానివ్వను."

"రిటైరవ్వడానికి ఇంకా నాలుగేళ్లుంది, అమ్మాయిగారూ."

"ఆ నాలుగేళ్లూ నాది పూచీ."

ప్రయోంగ్‌కు ఆ నాలుగేళ్లు కావాలి. ఇంట్లో ఆవిడ మాట వినేవాడు లేడు, బజార్లో అందరిలాగే వరసలో నిలబడాలి. ఈ గదిలో మాత్రం ఆవిడ నోరు తెరిచి ఒక అంకె చెప్తే వెయ్యి సీసాలు ఆగిపోతాయి. అలాంటి కుర్చీ మళ్లీ ఎక్కడా దొరకదని ఆవిడకు బాగా తెలుసు.

పరీక్ష రోజున బల్ల మీద మూడు గ్లాసులు పెట్టారు. రెండింటిలో పాతది, ఒకదాన్లో కొత్తది. ఆవిడతో పాటు ప్యాకింగు నుంచి, ఆఫీసు నుంచి ఏడుగురిని పిలిచారు. ప్రయోంగ్ గోరువెచ్చటి నీళ్లతో నోరు పుక్కిలించి, మూడు గ్లాసులూ వాసన చూడగానే తేల్చేసింది. మధ్యది కొత్తది. తాగింది. పాకం జిగురు లేదు, దగ్గుమందు లేదు, చివర్న గొంతులో చిన్న చేదు మాత్రం ఉంది. పలక మీద ఏడు వేసింది. ఆవిడ ఏడు వేశాక మిగతా ఏడుగురిలో ఆరు కన్నా తక్కువ వేసే మొనగాడు లేడు.

పొరపాటు అక్కడే జరిగింది, అదీ ఆ ఊరివాళ్లే చెయ్యగలిగిన పొరపాటు. ఆ గదిలో ఉన్న ఎనిమిదిమందీ జీవితంలో వందల ఎర్ర సోడాలు కొన్నారు. ఒక్కరూ తాగడానికి కొనలేదు. ఇంటి ముందూ, కొట్టు వెనకా, రబ్బరు తోట మూలా ఒంటి స్తంభం మీద నిలబెట్టిన బుల్లి గూట్లో ఉండి ఆ చోటును కాచే దేవుడు, స్థలం తాతకు పెట్టడానికి కొన్నారు. ఊరంతా అంతే. మూత తీసి, స్ట్రా వేసి, గూటి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని వస్తారు. పెళ్లికొడుకు చెప్పులు పురోహితుడి కాళ్లకు తొడిగి కొలత చూసినట్టు, తాత తాగేదానికి ప్రయోంగ్ మార్కులు వేసింది. ఆ మాట ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

కొత్త సోడా బజారుకెళ్లింది. మొదటి నెల బాగానే పోయింది. రెండో నెల కొట్లవాళ్లు తక్కువ తీసుకున్నారు. మూడో నెల వచ్చేసరికి లారీలు వెళ్లినవి వెళ్లినట్టే సరుకుతో తిరిగొచ్చాయి. ఓర్ణిచా కాగితాలు ముందేసుకుని ధర చూసింది, ప్రకటనలు చూసింది, వానలు చూసింది. కారణం మాత్రం కనపడలేదు.

కారణం ప్రయోంగ్‌కు కో హువాట్ చూపించాడు. ఆ పొద్దున మార్కులు అడగలేదు. "ఇట్రామ్మా," అని కొట్టు వెనక్కి తీసుకెళ్లాడు.

గూటి ముందు రెండు ఎర్ర సీసాలున్నాయి. ఒకటి రెండు పిచ్చుకలది, ఒకటి వేరే కంపెనీది. వేరే కంపెనీ సీసా మీద స్ట్రా కనపడకుండా చీమలు. స్తంభం కింద నుంచి బారు కట్టి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. రెండు పిచ్చుకల సీసా దగ్గర ఒక్క చీమ లేదు.

"మీ కొత్త సోడా పెట్టిన కాణ్ణించీ తాత ముట్టలేదు," అన్నాడు కో హువాట్. "మొదట్లో నేనే ఏదో తప్పు చేశాననుకున్నా. పళ్లు పెట్టా, కోడిని పెట్టా. తర్వాత మావాడు బండి మీద నుంచి పడ్డాడు. అప్పుడు ఈ సీసా తెచ్చి పెట్టా. గంటలో తాగాడు."

"చక్కెర లేకపోతే చీమలు రావు, కో హువాట్. దానికీ తాతకీ ఏం సంబంధం?"

"చీమలు రాకపోతే తాత తాగినట్టు నాకెట్లా తెలుస్తుంది మరి? నువ్వు పలక మీద అంకె వేస్తావు. ఆయన చీమలతో వేస్తాడు." కో హువాట్ సీసా ఎత్తి చూపించాడు. "చూడు, సున్నా. తోటల్లో అందరూ ఇదే అంటున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట, మీ కంపెనీ పని అట్లా ఉంది."

ప్రయోంగ్ కంపెనీకి వచ్చి, గేటు పక్కనున్న గూటి దగ్గర ఆగింది. అక్కడ రెండు పిచ్చుకల ఎర్ర సీసా నిండా చీమలు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కో హువాట్ చాదస్తం అనుకుంది. అంతలో కాపలాదారు ఛలోమ్ గదిలోంచి తొంగిచూసి, చూడనట్టు లోపలికి పోబోయాడు.

"ఛలోమ్, ఈ సీసా ఎప్పటిది?"

వాడు తల గోక్కున్నాడు. "పాతదే అక్కా. కొత్తది తాతకి పెట్టాలంటే భయమేసింది. పన్నెండు పెట్టెలు గదిలో దాచాను. ఆఫీసులో చెప్పమాకు, తల్లీ."

"ముందే ఎందుకు చెప్పలేదురా?"

"మీరంతా చదువుకున్నోళ్లు. ఏడు మార్కులొచ్చిందన్నారు. నేనేం చెప్పను?"

కంపెనీ గూట్లో తాత సుష్టుగా తాగుతున్నాడు కాబట్టి, లోపలున్న ఎవరికీ అనుమానం రాలేదు. ప్రయోంగ్ తిన్నగా ఓర్ణిచా దగ్గరకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఛలోమ్ పెట్టెల సంగతి మాత్రం మింగేసింది.

ఓర్ణిచా నవ్వలేదు. ఆ పిల్లకు కూడా బాంకాక్ ఇంట్లో గూడుంది. ఫోన్ తీసి తల్లితో రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. "మా ఇంట్లో కూడా అమ్మ రెండు నెలల కిందటే వేరే సోడా పెట్టేసిందట. నాతో చెప్తే బాధపడతానని ఊరుకుందట," అంది. "పాతదే మళ్లీ చేద్దాం. కానీ నాన్నకు చీమల సంగతి రాయలేనక్కా. ఆయన మీ మార్కుల కాగితం చూసి ఒప్పుకున్నాడు. మీరు మళ్లీ రుచి చూసి, పాతదానికి ఎనిమిది, కొత్తదానికి నాలుగు వేసి సంతకం పెట్టండి. మొదటిసారి జలుబు చేసి పొరపాటు పడ్డానని ఒక ముక్క రాయండి. సరిదిద్దుకున్నారని నేను చెప్తాను. గది మీదే."

"ఏడే వేస్తే?"

"ఏడు నిజమైతే మీ నాలుక సరైందే, సరుకు మాత్రం అమ్ముడుపోలేదు. అప్పుడు ఆ నాలుకతో కంపెనీకి పనేంటని నాన్న అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా అక్కా?"

ఆ పిల్ల బెదిరించడం లేదు, కాపాడాలనే చూస్తోంది. అది తెలిసే ప్రయోంగ్‌కు ఎక్కువ కష్టమనిపించింది.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. పాతదీ కొత్తదీ గ్లాసుల్లో పోసుకుంది. ఈసారి పాతదానికి కనీసం ఆరు వచ్చినా బాగుండునని నాలుకను బతిమాలుకుంది. నోరు పుక్కిలించి తాగింది. పాకం, దగ్గుమందు. మళ్లీ పుక్కిలించి కళ్లు మూసుకుని తాగింది. అదే పాకం, అదే దగ్గుమందు. కొత్తది శుభ్రంగా, తేలిగ్గా, చివర్న చిన్న చేదుతో గొంతు దిగింది. తాత మీదా, చీమల మీదా, ఊరి మీదా ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. మంచి సోడా చేస్తే తాగేవాడు లేడు, చెత్త సోడాకు దణ్ణాలు.

కలం తీసి పాతదానికి ఎదురుగా ఎనిమిది వెయ్యబోయింది. చేయి ఎనిమిదిలో మొదటి సున్నా గీత దగ్గరే ఆగిపోయింది. ఆ కాగితం మీద తప్పుడు అంకె వేసి కాపాడుకున్న కుర్చీలో రేపు కూర్చుని, ఇంకో సీసాకు అంకె వేస్తే, అది తనకే నమ్మబుద్ధి కాదు. గీత కొట్టేసి, పాతదానికి ఐదు, కొత్తదానికి ఏడు వేసింది. కింద జాగా మిగిలింది. అక్కడ ఇంకో వరస రాసింది: "చీమల మార్కులు. పాతదానికి పది, కొత్తదానికి సున్నా. అమ్మవలసింది పాతదే." సంతకం పెట్టింది.

కాగితం బాంకాక్ వెళ్లింది. ఓర్ణిచా తండ్రి ఆ చివరి వరస చూసి గట్టిగా నవ్వాడట. మనిషి నవ్వితే పని అయినట్టే అనుకుంటాం, సగమే అయింది. పాత సోడా మళ్లీ మొదలుపెట్టమన్నాడు. రుచి గది మూసేయమన్నాడు. నారింజా, పచ్చా, కాఫీ ల్యాబుకు వెళ్తాయి. ఎర్రదానికి ల్యాబు ఎందుకు, గేటు దగ్గర సాసరులో పోసి చీమలొస్తాయో లేదో చూస్తే చాలదా అన్నాడు. వేళాకోళానికి అన్నమాటే, కానీ అది ఉత్తర్వులో ఎక్కింది. ఓర్ణిచా ఆ ఉత్తర్వు ఇవ్వడానికి వచ్చి తలవంచుకుని నిలబడింది. ఆవిడకు ప్యాకింగులో లెక్కలు చూసే పని ఇస్తానంది. ప్రయోంగ్ వద్దంది.

ఆఖరి రోజు గ్లాసులు కడిగి బోర్లించి, బయటికొచ్చేసరికి ఛలోమ్ గూటి ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. సాసరులో కొత్తగా చేసిన పాత సోడా పోశాడు. చేతిలో కాగితం, చెవిలో పెన్సిలు. చీమలు అప్పుడే మొదలయ్యాయి.

"అక్కా, వెళ్లిపోతున్నావంట గదా." లేవబోయి మళ్లీ కూచున్నాడు. "ఈ పని నాకు పడేశారు. ఎన్ని చీమలొస్తే పాసు? ఒకడు ఇరవై అంటాడు, ఒకడు యాభై అంటాడు. నువ్వు చెప్పు."

ఏదో ఒక అంకె చెప్పి వెళ్లిపోదామనుకుంది ప్రయోంగ్. ఇరవై అంటే ఇరవై రాసుకుంటాడు. కాలు కదల్లేదు. సంచీ కింద పెట్టి, వాడి పక్కన గొంతుక్కూచుంది.

"లెక్కపెట్టమాకు. మొదటొచ్చేవి ఆకలికి వస్తాయి, వాటికి ఏదైనా ఒకటే. ఒక చీమను పట్టి చూడు. తాగి పుట్టలోకి పోయి, మళ్లీ ఇటే వస్తే అప్పుడు పాసు. రాకపోతే లారీ ఆపించు. ఎవరేమన్నా సరే, ఆపించు."

"ఓనరే ఎక్కించమంటే?"

"అప్పుడు కూడా."

ఛలోమ్ పెన్సిలు నాలుక మీద తడిపి, ఒక్కో మాటా అడిగి రాసుకున్నాడు. వాడి రాత ముగిసేదాకా ఆవిడ అక్కడే కూర్చుంది. ఈర్ష్య పుట్టింది, చీమల మీద. వాటి తీర్పు ఎలా చదవాలో అడిగి రాసుకునేవాడున్నాడు, ముప్పై ఒక్క ఏళ్లలో తన గదికి వచ్చి ఈ రుచి నాకు నేర్పమని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.