పిడికెడు బియ్యం, రెక్కల పురుగులు

శనివారం పొద్దున్న ప్రిసిల్లా వంటింటి అల్మరా మళ్లీ ఖాళీ చేసింది. మూడు వారాల్లో ఇది నాలుగోసారి. కందిపప్పు, మినప్పప్పు, బొంబాయి రవ్వ, గోధుమపిండి, కూతురు జోయా కోసం తెచ్చిన ఓట్స్, అన్నీ గట్టు మీదికి దిగాయి. తలుపు తీయగానే బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి ఆమె ముఖం మీదుగా ఎగిరి వెళ్లి ట్యూబులైటు పక్కన వాలింది. చీపురు ఎత్తే ఓపిక లేక దాన్నలా చూస్తూ నిలబడింది. కూర్చోవే తల్లీ, ఈ ఇంట్లో కాసేపు కూర్చునే తీరిక నీకైనా ఉంది, అనుకుంది.

ఈ పురుగులకు ఆమె చేయని మర్యాద లేదు. మందు కొట్టడానికి వీల్లేదు. అత్తగారు రోసమ్మకు ఆయాసం. పైగా తినే వస్తువులాయె. అందుకని అంతా సహజమైన పద్ధతుల్లోనే జరగాలని భర్త నతానియేల్ తీర్మానించాడు. సహజంగా అంటే ప్రిసిల్లా చేతులతో అని అర్థం. అతను బేగంపేట ఆఫీసులో కూర్చుని రోజుకో వీడియో పంపేవాడు, కింద బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి. మొదటి వారం డబ్బాల్లో ఎండిన వేపాకు వేసింది. తర్వాత బిర్యానీ ఆకులు, లవంగాలు. అరలన్నీ వెనిగర్‌తో తుడిచి, మూలల్లో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమి, రెండు గంటలు తలుపులు తీసి ఆరబెట్టింది. గూడు కట్టిన రవ్వ పారేసింది. మంచిగా ఉన్న పిండిని నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టింది. పప్పులు డాబా మీద ఎండలో పోసింది. ఇల్లంతా బిర్యానీ వాసన, తినడానికి మాత్రం ముద్దపప్పే. పురుగులు రెండు రోజులు కనిపించకుండా పోయేవి. మూడో రోజు తను పాఠాలు చెప్పే బడికి వెళ్లే హడావిడిలో ఉప్మాకి రవ్వ డబ్బా మూత తీస్తే మళ్లీ పలకరించేవి.

"మా రోజుల్లో పప్పుకి ఆముదం రాసి కుండలో పోసేవాళ్లం. ఏడాదైనా ఒక్క పురుగును చూశాయా నా కళ్లు?" అనేది రోసమ్మ. ఆ కళ్లకిప్పుడు శుక్లాలు. ఎదురుగా పురుగు ఎగిరినా ఆవిడకు కనబడదు. కనబడకపోయినా కోడలి చేతకానితనం మాత్రం స్పష్టంగా కనబడేది. "వంటింట్లో పురుగుందంటే ఆ ఇంటి ఆడదాని మనసు ఇంట్లో లేదనే," అని ఎవరితోనో ఫోన్లో అంటుంటే ప్రిసిల్లా ఆ గోడ పక్కనే అంట్లు తోముతోంది. వినపడాలనే అందో, వినపడదనుకుందో తెలియదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అది తేల్చుకునే అలవాటు పోయింది.

కిందటి వారం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నారు. చర్చి సంఘంలోని ఆడవాళ్లు పదిహేనుమంది వచ్చారు. ప్రిసిల్లా బడి నుంచి రాగానే చీర కూడా మార్చకుండా రవ్వకేసరి చేసింది. రవ్వ జల్లించింది, వెలుతురులో పెట్టి చూసింది, మళ్లీ జల్లించింది. కేసరి బాగానే ఉంది. కానీ అందరూ కళ్లు మూసుకుని ఉండగా కాంతమణి గారి టీ కప్పులో ఒక పురుగు వచ్చి పడింది. కాంతమణి గారు స్త్రీల సమాజం అధ్యక్షురాలు. ఆమేన్ అనగానే కళ్లు తెరిచి కప్పులోకి చూసి, దాన్ని కుర్చీ కింద పెట్టేశారు. అందరి చూపులూ ఆ కప్పు మీదే. "మా కోడలు ఉద్యోగస్తురాలమ్మా, తీరిక ఉండదు," అంది రోసమ్మ నవ్వుతూ. అందరూ నవ్వారు. ప్రిసిల్లా కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే ఒళ్లు మండేది.

ఇంతకీ ఆ ఉద్యోగం సంగతే అసలు సంగతి. ప్రిసిల్లా పనిచేసే బడివాళ్లు బొల్లారంలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. దానికి ఇన్‌చార్జిగా వెళ్లమని ప్రిన్సిపాల్ క్యారల్ మేడమ్ ఆమెను అడిగింది. పదహారేళ్లుగా నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్న మనిషి. ఇన్నేళ్లలో ఆమెను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు, ఇది చెయ్యి అని చెప్పడమే తప్ప. పొద్దున్న ఏడింటికి బయల్దేరితే సాయంత్రం ఆరు దాటుతుంది. శనివారం సాయంత్రం ఐదింటికల్లా జవాబు కావాలంది మేడమ్. మంగళవారం అన్నం తింటుండగా ఆ మాట చెబితే నతానియేల్ కోపం తెచ్చుకోలేదు. అతను కోపం తెచ్చుకోడు, అదే అతనిలో ఉన్న చిక్కు.

"నువ్వు ఆలోచించుకో ప్రిసీ, నేను కాదనను. కానీ ఒక అల్మరానే మనం అదుపులో పెట్టుకోలేకపోతున్నాం. రేపు మూడు వందల మంది పిల్లలు, టీచర్లు, ఆయాలు... నీకే కష్టం," అన్నాడు ప్రేమగా. ఆ 'మనం' విని ఆమె కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. కానీ పురుగులున్న మాట నిజమే కదా. శుక్రవారానికి తనే అంది, "వద్దని చెప్పేస్తాలెండి." అతను ఆమె తల నిమిరి, "అదే మంచిది," అన్నాడు.

ఇప్పుడు శనివారం. నతానియేల్ తల్లిని కారులో స్త్రీల సమాజం మీటింగుకి తీసుకెళ్లాడు. జోయా ట్యూషన్‌కు పోయింది. ప్రిసిల్లా కందిపప్పు, మినప్పప్పు పాత దుప్పటిలో మూట కట్టుకుని డాబా ఎక్కింది. అక్కడ కింది అంతస్తులో ఉండే నవత బట్టలు ఆరేస్తోంది.

"ఏందక్కా, మళ్ల షురూ చేసినవా? గా పప్పు నిన్ను చూసి బుగులు పడుతుండొచ్చు."

"ఏం చేయను నవతా, పోవట్లేదు. ఏం పెట్టినా పోవట్లేదు."

నవత క్లిప్పులు నోట్లోంచి తీసి, దుప్పటి పక్కన గొంతుక్కూర్చుంది. పప్పు దోసిట్లోకి తీసుకుని చూసింది. "ఇండ్ల ఏం లేదక్కా. మంచిగనే ఉన్నది. మాకు సుత గిట్లనే అయింది రెండేండ్ల కింద. పరేషాన్ అయి సచ్చిన. వంటింట్ల ఎన్ని కడిగినా ఏం ఫాయిదా? వాటి గూడు వేరే తాన ఉండె. మా మామ పావురాలకని మంచం కింద జొన్నల సంచి పెట్టి మర్చిపోయిండు. పురుగు గాడ పుడుతది, గోడలెంబడి పాకుతది, రెక్కలొచ్చినంక నీ వంటింట్లకొస్తది. నువ్వు కిందికి చూడకు, జెర మీదికి చూడు. కప్పు మూలలల్ల."

ప్రిసిల్లా కిందికి దిగి హాల్లో కుర్చీ ఎక్కింది. గోడా కప్పూ కలిసే చోట సన్నటి దారపు గూళ్లు కనిపించాయి. మధ్యమధ్యలో బియ్యపుగింజంత తెల్ల పురుగులు నెమ్మదిగా పాకుతున్నాయి. వంటింటి వైపు ఒకటో రెండో. అత్తగారి గది వైపు మాత్రం వరసకు వరస. మూడు వారాలుగా ఆమె తల పైకెత్తి చూడలేదు. నేరం అల్మరాదని అందరూ ముందే తేల్చేశారు, ఆమె కూడా నమ్మేసింది. కుర్చీ దిగి ఆ గదిలోకి వెళ్లింది. రోసమ్మ మంచం పైన ఉన్న మూలైతే బూజులా తెల్లగా ఉంది. వంగి చూస్తే మంచం కింద ట్రంకు పెట్టె.

ఆ ఇంట్లో రోజూ బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి దేవుడికి పక్కన పెట్టాలి. రోసమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటది. సంఘంలో చాలామంది ఇళ్లలో ఉంది. ఆదివారం ఆ బియ్యం గుడికి ఇస్తే బీదవాళ్లకు పంచుతారు. పొద్దున్న ఐదున్నరకి రోసమ్మ స్టీలు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది. ప్రిసిల్లా డబ్బాలోంచి పిడికెడు తీసి గిన్నెలో పోసేది. "దేవుడి భాగం," అనుకుంటూ ఆవిడ గదిలోకి తీసుకెళ్లేది. ప్రతి ఆదివారం గుడిలో ఇచ్చేస్తోందనే ప్రిసిల్లా అనుకుంది. ఆ రోజు తను ముందే వెళ్లి పిల్లలకు సండే స్కూలు చెబుతుంది కాబట్టి ఎప్పుడూ చూడలేదు.

అత్తగారి పెట్టె తెరవడం మర్యాద కాదని చెయ్యి ఒక క్షణం ఆగింది. ఈ ఇంట్లో తన అల్మరా ఎవరెవరు తెరిచి చూశారో గుర్తొచ్చి మూత ఎత్తింది. గుప్పున పది పదిహేను పురుగులు ముఖాన కొట్టుకుంటూ లేచాయి. లోపల నాలుగు దిండు గలీబులు, మూతులకు ముడులు. ఒకటి విప్పింది. బియ్యం గడ్డలు గడ్డలుగా దారాలతో అల్లుకుపోయి ఉంది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, కదులుతోంది. రోజుకో పిడికెడు లెక్కన ఎనిమిది నెలల బియ్యం. ప్రతి గింజా తన పిడికిట్లోంచి జారిందే. ప్రిసిల్లా నేల మీద కూలబడింది. మోకాళ్ల నొప్పి, వెనిగర్‌కి చర్మం లేచిపోయిన వేళ్లు, ఆ టీ కప్పు, అన్నీ ఒకేసారి బరువెక్కాయి.

ఎంతసేపు అలా కూర్చుందో, తలుపు చప్పుడైంది. తల్లి చెయ్యి పట్టుకుని నతానియేల్ గది గుమ్మంలోకి వచ్చాడు. పెట్టె చూశాడు, ఆమెను చూశాడు.

"తెరిచావా?" అన్నాడు.

ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. తెలియనివాడైతే ఏంటిదని అడుగుతాడు.

"మీకు తెలుసా?"

"పదిహేను రోజుల కిందట అమ్మ శాలువా కోసం పెట్టె లాగితే చూశాను." అతను గొంతు తగ్గించాడు, తల్లి పక్కనే ఉన్నా. "చెబితే అమ్మ సిగ్గుపడుతుందని ఊరుకున్నాను ప్రిసీ. చర్చిలో కోతకాలపు పండగ అయ్యాక మెల్లగా తీసేద్దామనుకున్నా. నువ్వెలాగూ శుభ్రం చేస్తూనే ఉన్నావు కదా."

పదిహేను రోజులు. ఆ లోపల అల్మరా రెండుసార్లు కడిగింది. కూటం జరిగింది. కాంతమణి గారి కప్పులో పురుగు పడినప్పుడు ఇతను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. మంగళవారం అన్నం ముందు కూర్చుని అల్మరానే అదుపులో పెట్టుకోలేకపోతున్నామన్నప్పుడు ఇతనికి తెలుసు. శుక్రవారం తల నిమిరినప్పుడూ తెలుసు.

"ఏంట్రా? ఏం తెరిచింది?" రోసమ్మ తడుముకుంటూ ముందుకొచ్చింది. పెట్టె అంచు చేతికి తగిలింది. "దేవుడి బియ్యం! దాన్ని నువ్వెలా ముట్టుకున్నావు ప్రిసిల్లా?"

"రోజూ ముట్టుకునేది నేనే అత్తయ్యా."

రోసమ్మ చెయ్యి గలీబులోకి దించింది. ఏదో వేళ్ల మీద పాకగానే వెనక్కి లాక్కుంది. మంచం మీద కూర్చుని కొంగుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉంది. "పండగ రోజు బియ్యం ఇచ్చిన అందరి పేర్లూ చదువుతారు," అంది చివరికి. "పోయినేడు అందరికన్నా ఎక్కువ ఇచ్చిందని సమాజంలోని ఆలిస్ పేరు ముందు చదివారు. ముప్పై ఏళ్లు ఆ సమాజానికి కార్యదర్శిని నేను. ఇప్పుడు కళ్లు పోయాక ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారు. ఒక్కసారి మూటలన్నీ కలిపి ఇస్తే నా పేరు... నాకు కనబడలేదమ్మా. ఇవిక్కడ పుడుతున్నాయని నిజంగా తెలియదు."

ప్రిసిల్లా నమ్మింది. జాలి కూడా వేసింది, వద్దనుకున్నా వేసింది. తన పేరు నలుగురిలో ఒక్కసారి వినాలని ముసలామె ఎనిమిది నెలలు కాచుకు కూర్చుంది. ఆ కోరిక తనకు తెలియనిది కాదు. కానీ ఆ జాలి వెనకే కోపం కూడా వచ్చింది, ఆవిడ మీద కాదు. కళ్లు కనబడని మనిషికి తెలియలేదు. కళ్లున్న మనిషి మాత్రం, ఇంట్లో ఒక ఆడమనిషి సిగ్గుపడకుండా ఉండాలని ఇంకో ఆడమనిషిని ఊరందరి ముందూ సిగ్గుపడనిచ్చాడు. పైగా అది మంచితనమనుకున్నాడు.

"సరేలే, అయిందేదో అయింది," అన్నాడు నతానియేల్. "నువ్వు లేచి ఇదంతా చాటలో పోసి చూడు. మంచి బియ్యం ఏమైనా మిగిలితే ఎండబెడదాం. నాకు ఒక ఫోను చేసుకోవాల్సిన పని ఉంది."

"నాకూ ఉంది," అంది ప్రిసిల్లా.

ఆమె లేచి చీరకు అంటిన దారపు పోగులు దులుపుకుంది. వంటింట్లోకి వెళ్లలేదు. అక్కడే, వాళ్లిద్దరి ఎదురుగానే నిలబడి క్యారల్ మేడమ్‌కి ఫోను చేసింది.

"చెప్పు ప్రిసిల్లా. యెస్సా, నోనా?"

"యెస్ మేడమ్. సోమవారం నుంచి బొల్లారం వెళ్తాను."

నతానియేల్ చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. "ప్రిసీ," అన్నాడు మెల్లగా. ఆమె అతని వైపు చూసింది కానీ ఫోను చెవి మీదనుంచి తీయలేదు.

"గుడ్. వెరీ గుడ్. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు కదా? తర్వాత మళ్లీ తక్లీఫ్ కావొద్దు."

"అడగలేదు మేడమ్," అంది ప్రిసిల్లా. "ఇప్పుడే విన్నారు."