గండ్రుకీ చిటుకుకీ కుస్తీ

ఆదివారం సాయంత్రాలు టీవీలో వచ్చే ఆ అంతరిక్ష ఓడ సీరియల్‌లో ఇద్దరు భద్రతాధికారులున్నారు. ఇద్దరూ మనుషులు కారు. గండ్రుది బరువైన గ్రహం. నాలుగు చేతులు, బానలాంటి పొట్ట, ఓడ తలుపును ఒంటిచేత్తో పీకేసే బలం. చిటుకుది ఎముకల్లేని జాతి; సన్నగా, జారుడుగా ఉండి, పారిపోయేవాడి కాలికి తోక మెలేసి పడగొట్టే నేర్పు. ఈ ఇద్దరూ తలపడితే ఎవరు గెలుస్తారన్నది పిల్లల మధ్య తెగని తగవు.

ఆ తగవు అన్నిటికంటే ఘోరంగా సాగేది మాత్రం ఒక ఇంటి భోజనాల బల్ల దగ్గర. గండ్రు వేషం వేసేది ఆ ఇంటి యజమాని. చిటుకు వేషం వేసేది ఆయన బావమరిది. రెండు వేషాలనూ కత్తిరించి, కుట్టి, రంగులద్దిన మనిషి వాళ్ళిద్దరి మధ్య కూర్చుని వడ్డించేది. ఒకరికి భార్య, మరొకరికి అక్క. స్టూడియోలో అందరికీ దర్జీ అక్క.

గండ్రు లోపలి మనిషి మంచినీళ్ళ డబ్బా ఎత్తాలంటే పక్కింటివాళ్ళను పిలుస్తాడు. చిటుకు లోపలి మనిషి గడప తన్నుకోకుండా గదిలోకి వచ్చిన రోజు లేదు. అయినా ఇద్దరికీ మీసం మెలేసే రోషం.

"మొన్న తలుపు ఎలా పీకానో చూశావుగా?" అనేవాడు బావ.

"చూశాను బావా. అట్టముక్క తలుపు. అక్క రంగేస్తుంటే డబ్బా పట్టుకుంది నేనే."

"నీ తోకలోది దూదే కదరా!"

"దూదైనా దానికో లాఘవం ఉంది."

"తినండి, చల్లారిపోతుంది," అనేది ఆమె.

ఇంతలో ఒక పెద్ద బొమ్మల దుకాణం వాళ్ళు దర్శకుడిని అడిగారు, తమ దుకాణం మొదలుపెట్టే రోజున గండ్రు, చిటుకు వేదిక మీద కుస్తీ పట్టాలని. దర్శకుడు ఒప్పుకుని, ఇద్దరినీ పిలిచి గట్టిగా చెప్పాడు: "కాసేపు పెనుగులాడండి. చివర్లో ఎవరూ గెలవలేదని చేతులు కలపండి. పిల్లల్లో ఏ జట్టూ ఏడవకూడదు. అర్థమైందా?"

ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. ఇద్దరి కడుపులోనూ వేరే ఆలోచన ఉంది.

మర్నాడు కుట్టు గదిలోకి ముందు మొగుడు వచ్చాడు, చేతిలో టీ కప్పుతో. పెళ్ళయ్యాక ఆయన ఆమెకు టీ తెచ్చివ్వడం అదే మొదలు. ఆమెకు వెంటనే అనుమానం వచ్చింది.

"ఏం కావాలండీ?"

"ఏం లేదోయ్. మీ తమ్ముడి తోక కుట్టు కాస్త వదులు చెయ్యి. నేను లాగగానే చేతిలోకి వచ్చెయ్యాలి. ఎవరికీ చెప్పకు."

"సరేనండి," అంది ఆమె.

ఆయన అటు వెళ్ళగానే తమ్ముడు వచ్చాడు, గడప తన్నుకుని.

"అక్కా, బావకి పైనున్న రెండు చేతులూ ఉత్తుత్తివేగా. భుజం దగ్గర కుట్లు విప్పి ఉంచు. ఒక్క గుంజు గుంజుతాను. తోడబుట్టినవాణ్ణి, ఈ మాత్రం చెయ్యవా?"

"సరే లేరా," అంది ఆమె.

వాడు వెళ్ళాక కుట్టు మిషన్ మీద చేతులు పెట్టి చాలాసేపు కూర్చుంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. తన కుట్టు పదిమంది ముందు పుటుక్కున ఊడాలని అడగడానికి వీళ్ళకు నోరెలా వచ్చింది? తోకకు ఇంకో వరస కుట్టు వేసింది. చేతులకు రెండు వరసలు వేసింది. తర్వాత సొరుగులోంచి, ఒకదానికొకటి తగిలితే అతుక్కుపోయే వెల్‌క్రో పట్టీ చుట్ట బయటికి తీసింది. గరుకు పట్టీ గండ్రు పొట్టకూ నాలుగు అరచేతులకూ, మెత్తటి పట్టీ చిటుకు ఒళ్ళంతా. రంగులో రంగు కలిసిపోయి, ఎంత దగ్గరికొచ్చి చూసినా కనిపించకుండా కుట్టింది.

కుస్తీ రోజున దుకాణం పిల్లలతో కిటకిటలాడింది. ఒకవైపు "గండ్రూ, గండ్రూ!" అని అరుపులు, మరోవైపు "చిటుకూ!" అని ఈలలు. ఆమె ఇద్దరికీ వేరువేరు గదుల్లో వేషాలు తొడిగి, వేదిక పక్కన తెర చాటున నిలబడింది.

గండ్రు ఉరికి తోక అందుకున్నాడు. బలమంతా పెట్టి లాగాడు. తోక రాలేదు, తోకతోపాటు చిటుకు మొత్తం వచ్చి పొట్టకు గుద్దుకున్నాడు. గుద్దుకున్నవాడు గుద్దుకున్నట్టే ఉండిపోయాడు. అయినా సందు దొరికిందనుకుని చిటుకు, గండ్రు పైచేతుల్లో ఒకదాన్ని పట్టుకుని గుంజాడు. అదీ ఊడలేదు. వంగి వచ్చి వాడి వీపుకే అంటుకుంది. ఎంత గింజుకుంటే అంత అతుక్కుపోయారు.

"వదలరా!" అన్నాడు గండ్రు తలకాయలోంచి బావ.

"నేను పట్టుకుంటేగా! నువ్వే వదులు."

"నేనూ పట్టుకోలేదురా!"

"అమ్మా, వాళ్ళు కొట్టుకోకుండా కావలించుకున్నారేంటి?" అని ముందు వరసలో ఒక పాప గట్టిగా అడిగింది. దర్శకుడు మైకు పక్కన పెట్టేసి, దిగి రమ్మని సైగలు చేశాడు.

ఎలాగోలా వేదిక దిగిపోదామనుకున్నారు. పొట్ట అడ్డొచ్చి గండ్రుకు కాళ్ళు కనిపించవు. ముఖం ఆ పొట్టకే అంటుకుని చిటుకుకు ఏమీ కనిపించదు. "ఎడమ కాలు బావా," "నీ ఎడమా, నా ఎడమా?" అనుకుంటూనే మెట్ల మీదికి వచ్చి, అక్కడి నుంచి దొర్లారు. మెత్తటి పొట్ట కింద పడింది కాబట్టి దెబ్బ తగల్లేదు. రెండు జట్ల పిల్లలూ ఉరికొచ్చి వాళ్ళ మీద పడ్డారు.

ఆ పిల్లల గుట్ట అడుగున బావ రొప్పుతూ అన్నాడు: "తోక ఊడుతుందని మీ అక్క మాటిచ్చిందిరా!"

చిటుకు పొట్ట మీంచి తల ఎత్తబోయాడు, తల రాలేదు.

"చేతులు ఊడతాయని నాకూ మాటిచ్చింది బావా."

తెర వెనక ఎవరో నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది. ముందు తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వుకు బావ పొట్ట కదిలింది. పైనున్న పిల్లలంతా ఊగిపోయి, మళ్ళీ ఊపమని కేకలు పెట్టారు.

అంత గోల ఆ సీరియల్‌కు ఎన్నడూ దక్కలేదు. దర్శకుడు తిట్టడం మానేసి కొత్త కథ అల్లాడు. అంతరిక్షంలో ఏదో తుఫాను వచ్చి అధికారులిద్దరూ ఒకరికొకరు అతుక్కుపోతారు, అలాగే దొంగలను పట్టాలి. షూటింగ్ రోజు పొద్దున, ఈసారి పట్టీలు చాలవని ఆమె లావుపాటి దారంతో ఇద్దరినీ కలిపి కుట్టేసింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేచారు. వాళ్ళిద్దరూ మాత్రం ఒకే కుర్చీలో సగం సగం కూర్చుని కుట్టు గది వైపు దీనంగా చూశారు.

"ఏమోయ్, త్వరగా విప్పు. పొద్దుటి నుంచీ ఆపుకుంటున్నాను," అన్నాడు మొగుడు.

"నేనూ అంతే అక్కా!"

ఆమె కత్తెర తీసుకుని దగ్గరికి వచ్చింది. "విప్పుతాను. ముందు చెప్పండి, ఇద్దరిలో ఎవరు గొప్ప?"

"గండ్రు," అన్నాడు మొగుడు. "చిటుకు," అన్నాడు తమ్ముడు. రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి.

ఆమె కత్తెర పెట్టెలో పెట్టేసి, భోజనానికి కూర్చుంది.