ఎనిమిది చెంబుల నీళ్లు

మిర్యాలగూడ మిల్లు నుంచి బయలుదేరిన నాడు నా చేతిలో ఉన్నవి ఇవి: బండి నిండా పాలిష్ బియ్యం, సూర్యాపేటలో తమ్ముడు గోపయ్యతో సగం వాటాకు దుకాణం, బరువు మోసే రెండు కాళ్లు, ఏనాడూ తలచుకోని కడుపు. పోలీసు చర్యకు ముందు ఏడాది అది. రెండో బండికి కిరాయి దండగని బస్తాల మీదే కూర్చున్నాను. వాగు దగ్గర చక్రం దిగబడి బండి ఒరిగింది. నేను కింద, బస్తా నా నడుము మీద.

నడుము కింది ఒళ్లు నాది కాకుండా పోయింది. కాళ్లు పోయాయని ఊరంతా వచ్చి ఏడ్చారు. దొడ్డికి ఎప్పుడు వస్తుందో నాకే తెలియదన్న సంగతికి మాత్రం ఎవరూ ఏడవలేదు, ముక్కు మూసుకున్నారు. నాకు కావలసింది ఒక్కటే, దుకాణం గద్దె మీద తిరిగి కూర్చోవడం. గోపయ్య షరతు పెట్టాడు.

“అన్నా, పొద్దుగాల్నించి పగటి బువ్వ యాళ్ల దాంక బట్టలు ఖరాబు కాకుండ కూసుంటే రా. బియ్యం కాడ వాసనొస్తే గిరాకీ ఉంటదా?”

కటువైన మాటే, కాని వ్యాపారానికి సరైన మాట. అతని చోట ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

వ్యాపారి లెక్కే వేశాను. లోపలికి పోనిది బయటికి రాదు. నీళ్లు రోజుకు ఒక్క చెంబుకు తగ్గించాను. ఇంట్లో ఎటూ పథ్యమే. తెల్లన్నం, కారప్పొడి, ఎల్లిగడ్డ. ఆకుకూర వాతమని, పప్పు పడదని నా భార్య లక్ష్మీనర్సమ్మ దగ్గరికి రానిచ్చేది కాదు. నాలుగు రోజులు బట్ట పొడిగా ఉంది. లాభమనుకున్నాను. ఎనిమిదో రోజుకు పొట్ట డోలులా బిగిసింది, వాంతులయ్యాయి. ఆపైన నీళ్లలా కారడం మొదలైంది. విరేచనాలనుకుని లక్ష్మీనర్సమ్మ ఉన్న ఒక్క చెంబూ ఆపేసింది.

కోదాడ నుంచి కంపౌండర్ దేవదాసును పిలిపించారు. యుద్ధంలో నడుములు విరిగిన సిపాయిలకు వైద్యం చేసిన మనిషి. వేలికి నూనె రాసుకుని రాళ్లలాంటి ముద్దలు బయటికి తీశాడు.

“ఏం పెడుతున్నారమ్మా?”

“పత్యమే సారూ. తెల్లబువ్వ, కారం.”

“నీళ్లు?”

“గట్ల కారుతుంటే నీళ్లెట్ల పోస్త?”

“కారేది నీళ్లు లేకే తల్లీ. లోపల బిరడా బిగిస్తే పక్కల నుంచి కారదా?” అని నా వైపు తిరిగాడు. “బియ్యం మీది తవుడు తీసి ఏం చేస్తారు సేటుగారూ?”

“బర్రెలకు అమ్ముతం.”

“పేడ వేయలేక ఏడ్చిన బర్రెను ఎప్పుడన్నా చూశారా?”

లక్ష్మీనర్సమ్మ నవ్వింది, నేను పడ్డాక మొదటిసారి. నాకు ఒళ్లు మండింది.

దంపుడు బియ్యం, జొన్నరొట్టె, పెసర్లు, తోటకూర, అన్నీ మెల్లగా పెంచుతూ పెట్టమన్నాడు. రోజంతా సర్దుకుంటూ చిన్న చెంబుతో ఎనిమిది చెంబుల నీళ్లు. పొద్దున తిని, వేడినీళ్లు తాగిన అరగంటకు, రోజూ అదే వేళకు, నడుమ చిల్లు పెట్టిన పీట మీద కూర్చోవాలి. రాకపోతే నూనె వేలు. లక్ష్మీనర్సమ్మ గోడ మీద బొగ్గుతో తాగిన చెంబుకు నిలువు గీత, ఖరాబైన బట్టకు అడ్డగీత గీసింది. మొదటి వారం తొందరపడి ఆకుకూర ఎక్కువ తిన్నాను, గోడంతా అడ్డగీతలే. నాలుగో నెలకు వారానికి ఒకటి. ఆ తర్వాత ఇరవై రోజులు ఒక్కటీ లేదు.

ఇద్దరు హమాలీలు నన్ను మోసుకుపోయి గద్దె మీద కూర్చోబెట్టారు. పగటి భోజనం వేళ దాటింది. పొడిగానే ఉన్నాను. మునగాల నుంచి వచ్చే పాత గిరాకీ పుష్పాబాయి సంచి పట్టింది. నేను బియ్యం కొలిచే మానిక అందుకున్నాను.

“ఆయన కొలిస్తే వద్దు. నువ్వు కొలువు గోపయ్యా.”

“ఎందుకు బాయీ? ఏం వాసనొస్తున్నదా?” అన్నాను.

“వాసన లేదు గనీ, తినేటియి గద.”

గోపయ్య నా మొహం చూడకుండా చేతిలోని మానిక తీసుకున్నాడు.

మరునాడు వెళ్లేసరికి నా గద్దె మీద తవుడు బస్తా ఉంది.

“జాగ లేదన్నా, గీడ పెట్టిన.”

“షరతు నిలబెట్టుకున్న గదరా.”

“నువ్వు నిలబెట్టుకున్నవ్. గిరాకీ నిలవద్దా?”

హమాలీలు నన్ను దింపకుండానే వెనక్కి తిప్పారు.

చివరికి మిగిలినవి: ఒక చిల్లు పీట, గోడ నిండా నిలువు గీతలు, రోజుకు ఎనిమిది చెంబులు అందించే లక్ష్మీనర్సమ్మ, చెప్పిన వేళ తప్పని కడుపు. నా వాటాదారుల్లో మాట మీద నిలబడింది ఆ కడుపే.