చల్లని ఆకు

మూడో వరుస సగానికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఏప్రానుకు తుడుచుకుని, మళ్ళీ చాపి, వేళ్ళ వెనకవైపును ఆకుకు ఆనించింది. పిల్లలకు జ్వరం చూసినట్టే. మామూలు ఆకు నులివెచ్చగా ఉంటుంది. అక్కడ అందరూ ‘వెర్రిది’ అని పిలిచే రకం ఆకు మాత్రం చల్లగా తగులుతుంది. చల్లగా ఉంటే నీలం చీటీ, లేకపోతే తెల్ల చీటీ. ఇరవై రెండేళ్ళుగా ఈ గాజు కప్పు కింద ఆమెది అదే పని. నీళ్ళు పోయడం, కుండీలు కడగడం ఎవరైనా చేయగలరు.

ఆ చల్లదనం ఎందుకో పరిశోధన చేసే అమ్మాయి ఒకసారి విడమరిచి చెప్పింది. మట్టిలోని వేళ్ళకు తడి తగ్గితే మొక్క తనలోనే ఒక హార్మోను తయారుచేసుకుంటుంది. అది అందగానే ఆకుల మీది సన్నరంధ్రాలు మూసుకుంటాయి. నిద్రపోతున్న జన్యువులు కొన్ని లేచి, ఎద్దడిని తట్టుకునే సరుకులు పోగుచేస్తాయి. వెర్రిదాని జన్యువులో ఒక్క అక్షరం తప్పు పడింది. హార్మోను తయారు కాదు, రంధ్రాలు మూసుకోవు, జన్యువులు లేవవు. నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. అందుకే ఆకు చల్లన.

“అంటే కరువొచ్చిందని కేకేసే మనిషి లేడు. తలుపులు బార్లా తీసుకుని కూర్చుంది పిచ్చిది,” అంది ఆమె. అమ్మాయి పడీపడీ నవ్వింది.

ఇవాళ నవ్వులు లేవు. ఈ రకానికి మిగిలిన ఆఖరి విత్తనపు పొట్లం ఇదే. మొలిచినవి నలభై. నాలుగింట ఒకటి వెర్రిది కావాలి. వాటిని తడిగాలి నింపిన గాజు గూట్లో పెట్టి గింజ పట్టించాలి. తెల్ల చీటీలవి నాలుగు గంటలకల్లా ఎరువు గుంటలోకి.

ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. రెండు నెలల కిందట వేళ్ళ చివర చీమలు పాకినట్టు మొదలై, తరువాత చీమలూ పోయాయి. పొద్దున వేడి గిన్నె పట్టుకుంటే, “చెయ్యి కాలుతోందే, వదులు!” అని భర్త అరిచేదాకా తెలియలేదు. ఎడమచేతి చిటికెన వేలొక్కటే ఇంకా మాట వింటోంది. దానితోనే ముప్ఫైతొమ్మిది మొక్కలు తేల్చింది. తొమ్మిది నీలాలు.

నలభయ్యో మొక్క దగ్గర ఆ వేలూ పలకలేదు. చుట్టూ చూసి, వంగి ఆకును చెంపకు ఆనించింది.

“ముద్దులు కూడా మొదలెట్టావా అక్కా? బావకి చెప్పమంటావా?” మట్టి మోసే అతను తోపుడుబండి ఆపి నవ్వాడు.

“నీ పని నువ్వు చూసుకో!” గబుక్కున లేచింది. చెంప ఉక్కకు తడిసి ఉంది. దానికేమీ తెలియలేదు. అమ్మాయి అటే వస్తోంది. ఆమె చెయ్యి దానంతటదే తెల్ల చీటీ గుచ్చేసింది.

మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టేసింది. కడిగిన కుండీలే కడిగింది. గడియారం చూసింది, కుళాయి కట్టేసింది, మళ్ళీ తిప్పింది. నాలుగుకు పది నిమిషాలుండగా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

బండి గుంట అంచున వొరిగి ఉంది. సగం మొక్కలు కింద పడ్డాయి.

“ఆగు తమ్ముడూ! ఆగు!”

“చెత్తకి కూడా జ్వరం చూస్తావా ఏంటి?”

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. ప్రతి మొక్కా ఆమెకు మొహం తెలిసిందే. మట్టి రాలిపోతున్న ఆ ఒక్కదాన్ని దోసిట్లో తెచ్చి అమ్మాయి ముందు నిలబడింది.

“అమ్మా, దీనికి తెల్ల చీటీ పెట్టింది నేనే. అబద్ధం పెట్టాను. ఇదేదో నాకు తెలియలేదు.”

“మీకు తెలియకపోవడమేంటి పిన్నీ?”

“చేతులు మొద్దుబారాయి. రెండు నెలలైంది.”

“ముందే చెప్పచ్చుగా!”

“చెబితే ఇంక ఇక్కడ నాతో పనేముంది?”

అమ్మాయి గాజు గూట్లోని కుండీలను అటూ ఇటూ జరిపి చోటు చేసింది. “దీన్నీ ఉంచుదాం. పెద్దదైతే అదే చెబుతుంది. మీరు ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.”

“వెళ్తాను,” అంటూ ఆమె మొక్కను నాటి, మట్టి అదిమింది. ఏప్రాను మేకుకు తగిలించింది. రేపు అన్న మాట ఎత్తకుండా పక్క గేటు నుంచి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. వారం తరువాత భర్త ఫోను చేసి, నరాల జబ్బట, ఇక రాదు, అని చెప్పి పెట్టేశాడు.

ఆ రోజు గూటి తలుపు తీసినప్పుడు అమ్మాయి కంటపడింది ఆ కుండీలోని చీటీ. నీలానికీ తెలుపుకీ మధ్య మూడో రంగు లేక, నాటేటప్పుడే ఆమె తెల్లదాన్నే వెనక్కి తిప్పి గుచ్చింది. పట్టు తెలియని వేళ్ళు పెన్సిలును నొక్కి నొక్కి రాసిన అక్షరాలు అవతలివైపుకు కూడా ఉబికి ఉన్నాయి: తెలియలేదు.