గోడ మీద ఐదు దెబ్బలు

ఏడు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలకు ఎవరో వీధి తలుపు తట్టారు.

తెల్మా రిగ్బీ ఉలిక్కిపడింది. ఆమె టీవీ ముందు కూర్చుని ఉంది. టీవీ మాత్రం ఆపేసి ఉంది. ఒళ్ళో అలారం గడియారం, చేతికందేంత దూరంలో పిండి ఒత్తే కర్ర. సోమ, బుధ, శుక్రవారాల్లో ఏడున్నర నుంచి ఎనిమిది దాకా, పదకొండు నెలలుగా ఆమె ఇలాగే కూర్చుంటోంది. చూసినవాళ్ళెవరైనా మతి పోయిందనుకుంటారు. అందుకే ఆ వేళకి గుమ్మంలోకి ఎవరినీ రానివ్వదు.

మళ్ళీ తట్టారు. ఈసారి గట్టిగా.

ఇంకోసారి కొడితే పక్కింటి ఎనిడ్‌కి వినిపిస్తుంది. తెల్మా లేచి వెళ్ళి తలుపు తీసింది.

"మిసెస్ రిగ్బీ? నా పేరు గ్రేమ్ టూటిల్. టీవీ లైసెన్స్ విషయమై వచ్చానండీ." మెడలోని గుర్తింపు కార్డు ఎత్తి చూపించాడు. నలభై ఏళ్ళుంటాయి. సముద్రం మీంచి కొడుతున్న జల్లు అతని ముక్కు చివర్నుంచి కారుతోంది.

మేనల్లుడు క్రెయిగ్ చెప్పిన మాట తెల్మా చెవిలో మోగింది. "వాళ్ళొస్తే వారెంటు చూపించమను అత్తా. అది లేకపోతే గడప దాటే హక్కు వాళ్ళకి లేదు. బయటి నుంచే పంపించెయ్."

నిజమే. కానీ ఇంగ్లండ్ సముద్రతీరాన ఆ ఫ్లీట్‌వుడ్ వీధిలో వానలో నిలబడ్డ మనిషిని అలా నిలబెట్టి మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు, వచ్చినవాడు ఎవడైనా సరే.

"లోపలికి రా బాబూ. కాళ్ళు తుడుచుకో."

అతను వచ్చాడు. ముందు గదిలో అడుగు పెట్టగానే నల్లటి టీవీని, దాని కింద ఉన్న గేమ్ డబ్బాని చూశాడు. కుర్చీ పక్కనున్న గడియారాన్నీ, కర్రనీ కూడా చూశాడు.

"టీవీ అక్కర్లేదని పోయిన నవంబరులో మాకు రాసిచ్చారు కదా?"

"టీవీ అక్కర్లేదని నేనెప్పుడన్నాను? లైసెన్స్ అక్కర్లేదన్నాను. తేడా ఉంది."

"ఉంది, ఉంది," అన్నాడు టూటిల్ చేతులెత్తేసి. "అది ఒకసారి సరిచూసుకుని పోదామనే వచ్చాను."

పోయిన నవంబరు గాలివానకి ఇంటి మీద యాంటెన్నా విరిగి పెరట్లో పడింది. అదే నెలలో చేపల ప్యాకింగ్ షెడ్డులో తెల్మాకి వారానికి మూడు రోజుల పనే మిగిలింది. అప్పుడే ఏటా డబ్బు కట్టి తీసుకునే ఆ లైసెన్స్ మానేసింది. అయిపోయిన సీరియళ్ళు ఇంటర్నెట్‌లో చూసుకొమ్మని క్రెయిగ్ తన పాత గేమ్ డబ్బా తెచ్చి తగిలించి, దాని మీద ఒక కాగితం అంటించి పోయాడు. లావుపాటి పెన్నుతో మూడు వాక్యాలు.

టూటిల్ వంగి ఆ కాగితం పైకే చదివాడు. "లైవ్ వద్దు. ఐప్లేయర్ వద్దు. అయిపోయాకే చూడు." నడుం ఎత్తి నవ్వాడు. "మీ మేనల్లుడు లాయరా?"

"స్కూటర్ మీద ఇంటింటికీ పిజ్జాలు ఇచ్చొస్తాడు."

"మా కాగితాల కంటే నయంగా రాశాడు. చాలామంది యాంటెన్నా లేకపోతే చాలనుకుంటారు. ఇంకొందరు గేమ్ డబ్బా టీవీయే కాదంటారు. డబ్బాతో చూశారా, ఫోన్‌తో చూశారా అన్నది మాకు అనవసరమండీ. ప్రసారం అవుతుండగా చూస్తే, ఏ చానెల్ అయినా, దేంట్లో చూసినా లైసెన్స్ కావాలి. ఐప్లేయర్ యాప్‌లో అయితే ఎప్పుడు చూసినా కావాలి. మిగతావి అయిపోయాక చూసుకుంటే అక్కర్లేదు."

"నేను అంతే చేస్తాను. ఎనిమిదిన్నర కొట్టేదాకా ఆ డబ్బా ముట్టుకోను. ఒట్టు."

అతను గేమ్ డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. సంచీలోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఐదు నిమిషాల పని. సంతకం కూడా నాదే."

తెల్మా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే గడియారం గణగణలాడింది. ఏడూ నలభై ఐదు.

ఠక్.

గోడకి అవతల నుంచి ఒక్క దెబ్బ. టూటిల్ తలెత్తాడు.

కొట్టకూడదని తెలుసు. కొట్టకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. పోయిన చలికాలంలో తుంటి విరిగి రెండు గంటలు నేల మీద పడున్న ఎనిడ్, ఇటు నుంచి జవాబు రాకపోతే తెల్మాకి ఏమైందోనని మంచం దిగుతుంది. దిగితే పడుతుంది. నాలుగు సెకన్లు గడిచాయి. ఐదు.

తెల్మా కర్ర అందుకుని గోడ మీద ఒక్కటేసింది. ఠక్.

టూటిల్ పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"అదేంటండీ?"

"మెల్లిగా మాట్లాడు," అంది తెల్మా గుసగుసగా. "ఆవిడ తల ఈ గోడకే ఆని ఉంటుంది."

"ఎవరు?"

"ఎనిడ్ క్లెగ్. ఎనభైకి దగ్గర పడింది. మంచం మీదే ఉంటుంది."

టూటిల్ చేతి గడియారం చూసుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడు 'లాంబర్ట్స్ యార్డ్' సీరియల్ వస్తోంది కదూ? మా ఆవిడ కూడా చూస్తుంది. సరిగ్గా ఏడూ నలభై ఐదుకి ప్రకటనలు." గోడ వైపు చూశాడు. "ముసలాయన్ని సారాకొట్టు మెట్ల మీంచి తోసిందెవరనేగా పందెం?"

దాచి లాభం లేదు. "ఒకటి కొడితే పబ్ డోరా. రెండు కొడితే మాంసం కొట్టు లెన్. కథ ఏదైనా పందెం మాత్రం ఇలాగే. ఇరవై ఆరేళ్ళుగా. ఆవిడ ఇంట్లో ఆవిడ చూస్తుంది, నా ఇంట్లో నేను. ప్రకటనలప్పుడు ఒకసారి, అయిపోయాక ఒకసారి. మర్నాడు పెరటి గోడ దగ్గర పోట్లాట."

"మీరు ఒకటి కొట్టారు. అంటే డోరా అన్నమాట."

"ఆవిడ ఒకటి కొట్టింది గనక నేనూ ఒకటి కొట్టాను. నాకేం తెలుసు? నేను చూడలేదుగా!"

టూటిల్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతని ముఖంలో కోపం లేదు, అదే తెల్మాని ఎక్కువ భయపెట్టింది. "మిసెస్ రిగ్బీ, నా వైపు నుంచి చూడండి. తలుపు తట్టాను, తీయడానికి కాస్త టైం పట్టింది. లోపల టీవీ ఆపేసి ఉంది. బల్ల మీద మీ ఫోన్ ఉంది, అందులోనూ చూడొచ్చు. ప్రకటనల టైముకి గోడ మీద పందెం కాశారు. నేను వినలేదని రాయలేను. మీరేమీ చెప్పక్కర్లేదు, అది మీ హక్కు. చెబితే మాత్రం మీ మీదే వాడొచ్చు."

"అంటే కోర్టా?"

"అది పైవాళ్ళు తేలుస్తారు. నేను విన్నది రాస్తాను, అంతే." కాస్త ఆగాడు. "ఒక దారుంది. పక్కింటికి వెళ్ళి ఆవిడనే అడుగుతాను. మీరు లైసెన్స్ మానేశారనీ, అప్పట్నుంచి ఉత్తినే కొడుతున్నారనీ ఆవిడ చెబితే ఇక్కడితో అయిపోతుంది."

"ఆవిడకి తెలీదు," అంది తెల్మా.

"పదకొండు నెలలుగానా?"

"ఎలా చెప్పమంటావు? చెబితే నా లైసెన్స్ తనే కడతానని పట్టుబడుతుంది. వద్దంటే నాకోసం తనూ చూడ్డం మానేస్తుంది. ఆవిడ మొండితనం నీకు తెలీదు. కట్టుడు పళ్ళు తీసేశాక పురుగుని కూడా గదిలోకి రానివ్వదు. సాయంత్రమంతా ఒంటరిగా పడుకుని ఆ ఒక్క దెబ్బ కోసం చూస్తుంది బాబూ. అది ఉత్తి దెబ్బని తెలిస్తే ఇంకేం మిగులుతుంది ఆవిడకి?"

గోడకవతల టీవీ గొణుగుడు మళ్ళీ మొదలైంది. మాటలు తెలియవు, ఎవరో ఆడమనిషి అరుస్తున్నట్టు మాత్రం ఉంది.

టూటిల్ ఫారం ముందుకి లాక్కున్నాడు. "అడగమంటారా, వద్దంటారా?"

తెల్మా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వద్దు. నువ్వు విన్నది రాసుకో. ఎక్కడ సంతకం చెయ్యాలో చూపించు."

"చూస్తున్నానని ఒప్పుకున్నట్టవుతుందండీ."

"కానీ. కోర్టు కాగితం నా ఇంటికే వస్తుందిగా, ఆవిడ ఇంటికి రాదుగా."

అతను రాయడం మొదలుపెట్టాడు. పెన్ను నెమ్మదిగా కదులుతోంది, కావాలనే నెమ్మదిగా రాస్తున్నట్టుంది. తెల్మా లేచి కెటిల్ పెట్టింది. టీ ఇచ్చింది. అతను రెండు చెంచాల చక్కెర అడిగాడు. ఎనిమిది కావస్తుండగా ఫారం ఆమె ముందుకి తిప్పి పెన్ను చేతికిచ్చాడు.

తెల్మా పెన్ను కాగితానికి ఆనించింది.

ఠక్. ఠక్. ఠక్.

సీరియల్ అయిపోయింది. తెల్మా అలవాటుగా ఎడమ చేత్తో కర్ర అందుకుంది.

ఠక్. ఠక్.

అవతల నుంచి మొత్తం ఐదు. తెల్మా ఇంకేమీ ఆలోచించలేదు. తిరిగి ఐదు కొట్టింది.

గోడ అవతల టీవీ గొణుగుడు ఆగిపోయింది. అప్పుడు ఎనిడ్ గొంతు వినిపించింది. పళ్ళు లేని గొంతే, కానీ గోడ కంపించేలా ఉంది.

"తెల్మా! ఐదంటే ఎవరే?"

తెల్మా పెన్ను బల్ల మీద పడేసింది.

"మాట్లాడవేమే? ఉన్నది డోరా, లెన్. ఐదంటే ఎవరు? వీధి చివర కుక్కా?"

టూటిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు!" ఎనిడ్ అరుస్తూనే ఉంది. "ఒకటంటే ఒకటి, రెండంటే రెండు! పదకొండు నెలల్నుంచి నేనేదంటే నువ్వూ అదే! అంతకుముందు ఇరవై ఐదేళ్ళలో ఒక్కనాడు నా మాటకి అవునన్నావా పిల్లా? నేను పోతున్నానని డాక్టరు నీకు చెప్పాడు కదూ? నిజం చెప్పు! అందుకేగా ముసల్దాన్ని బుజ్జగిస్తున్నావు?"

తెల్మా గోడ దగ్గరికి పరిగెత్తింది. రెండు చేతులూ గోడకి ఆనించింది.

"నువ్వెక్కడికీ పోవడం లేదే పిచ్చిదానా! నేను చూడ్డం లేదు, అంతే!"

"ఏం చూడ్డం లేదు?"

"లాంబర్ట్స్ యార్డ్! లైసెన్స్ మానేశాను! అయిపోయాక ఎనిమిదిన్నరకి గేమ్ డబ్బాలో చూసుకుంటున్నాను! నువ్వు కొట్టేటప్పటికి నాకేమీ తెలీదు!"

తెల్మా చెంప గోడకి ఆనించి నిలబడింది. ఆమె భుజాలు వణకడం టూటిల్ చూశాడు, చూడనట్టు టీ కప్పులోకి చూశాడు.

"అంతేనా?" అంది ఎనిడ్ చివరికి. గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "నేను వీలునామా కూడా రాయించానే."

"నాకేం రాశావు?"

"పింగాణీ కుక్క."

"ఆ దిక్కుమాలిన కుక్కనా? ఇంకొకరికి రాసెయ్!"

అటు నుంచి నవ్వు వచ్చింది. నవ్వు దగ్గులోకి దిగి, మళ్ళీ నవ్వయింది.

తెల్మా వెనక్కి తిరిగేసరికి ఆమె ముందున్న ఫారం బల్ల మీద లేదు. టూటిల్ దాన్ని అడ్డంగా కొట్టేసి సంచీలో పెట్టేసుకున్నాడు. ఇంకో ఫారం తీసి గబగబా రాస్తున్నాడు.

"ప్రసారం అవుతున్న కార్యక్రమం చూడలేదు," అని రాస్తూనే చదివాడు. "పక్కింటావిడ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయారు. నా చెవులతో విన్నాను." పెన్ను మూత పెట్టాడు. "ఆవిడకి లైసెన్స్ ఉందా?"

"ఉంది. గోడకి ఫ్రేము కట్టించలేదు గానీ."

"అయితే వెళ్ళి అక్కడే కూర్చోండి. ఆ ఇంట్లో, ఆవిడ టీవీలో చూస్తే ఆవిడ లైసెన్సే చాలు. ఎన్ని పందేలైనా కాసుకోండి."

"రానివ్వదు, చెప్పానుగా. పళ్ళు..."

"వినబడుతోంది!" అని గోడ అరిచింది. "ఎవరే ఆ మగాడు?"

"లైసెన్స్ అబ్బాయి!"

"వాళ్ళింకా తిరుగుతున్నారా? శుక్రవారం నువ్వు రా. పగలొచ్చే నర్సు చేత గొళ్ళెం తీసి పెట్టిస్తాను. కుర్చీ నీదే తెచ్చుకో. నా మొహం వైపు చూశావంటే తన్ని తరిమేస్తాను."

టూటిల్ కోటు బొత్తాలు పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. "ఇంతకీ తోసిందెవరంటారు? మా ఆవిడ డోరా అంటోంది."

"ఇంకా చూడలేదు బాబూ," అంది తెల్మా. "ఎనిమిదిన్నర కానీ."

శుక్రవారం ఏడూ ఇరవైకి తెల్మా వంటింటి కుర్చీ భుజాన వేసుకుని పక్కింటికి వెళ్ళింది. గొళ్ళెం తీసే ఉంది. ఎనిడ్ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, చేత్తో నోరు మూసుకుని పడుకుంది. తెల్మా టీవీ వైపే చూస్తూ కుర్చీ మంచం పక్కన వేసుకుంది. సీరియల్ మొదలైంది. తెల్మా కుర్చీ అంచుకి జరిగింది, ఆ దృశ్యాల్ని అందరితో పాటే చూసి ఏడాది కావస్తోంది మరి.

ప్రకటనలు వచ్చాయి. ఎనిడ్ నోటి మీంచి చెయ్యి తీసి మంచం పట్టీ మీద గట్టిగా ఒకటేసింది.

తెల్మా ఆలోచించింది. డోరాని మొదట్నుంచీ అనుమానించనే లేదు. కుర్చీ చెయ్యి మీద కొట్టింది. ఒకటి. రెండు.

"లెన్నా?" ఎనిడ్ లేచి కూర్చున్నంత పని చేసింది. "నీకు బుర్రుందా? వాడు ఆ వేళకి కొట్లో లేడూ?"

"కొట్లో ఉన్నాడని ఎవరు చెప్పారు? వాడే చెప్పుకున్నాడు!"

"నోర్ముయ్. ఏడాది చూడని దానివి, నీకేం తెలుసు?"

"గంట ఆలస్యంగా చూశానే తప్ప చూడకుండా లేను! నీకే కళ్ళు కనబడవు!"

ఎనిడ్ నోరు తెరిచి నవ్వింది. ఒక్క పన్ను కూడా లేదు. తెల్మా చూసింది. ఎనిడ్ తరిమేయలేదు.

"లేచి కెటిల్ పెట్టు పిల్లా," అంది. "రెండు నిమిషాలే ఉంది."